భార్య థీసిస్ ముగింపు దశ, ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు: వారాంతం మొత్తం ఇచ్చినా పని ఎందుకు కదలడం లేదు?

ప్రశ్న — తలుపు బయటి నాన్న

నా భార్య పీహెచ్‌డీ చివరి దశలో ఉంది. సమాచార సేకరణ, విశ్లేషణ పూర్తయ్యాయి. ఇక మిగిలింది థీసిస్ రాసి సమర్పించడమే. మాకు నాలుగేళ్ల అమ్మాయి, ఏడాదిన్నర అబ్బాయి ఉన్నారు. నాది పూర్తికాలపు ఉద్యోగం కాబట్టి పనిదినాల్లో పగటిపూట నేను ఆదుకోగలిగేది తక్కువ. అమ్మాయి బడికి వెళ్లినప్పుడు, అబ్బాయి పడుకున్నప్పుడు ఆమెకు కాస్తంత సమయం దొరుకుతుంది. ఆ లోటు తీర్చాలని శని, ఆదివారాల్లో పిల్లలిద్దరి స్నానం, భోజనం, ఆట, నిద్ర అన్నీ నేనే చూసుకుంటున్నాను. ఆమె గది తలుపు వేసుకొని రాసుకుంటుంది.

చెప్పుకోవడానికి ఏర్పాటు బాగానే ఉంది గాని, ఆదివారం సాయంత్రానికి ఆమె నోట వచ్చే మాట మాత్రం ‘ఈ వారమూ ఏమీ తెమల్లేదు’ అనే. అబ్బాయి తలుపు కొడుతూ ఏడుస్తాడు. ఆమె వినలేక బయటికి వస్తుంది. వాడిని ఎత్తుకొని ఉన్నంతసేపూ మనసు అధ్యాయం మీద, తిరిగి లోపలికి వెళ్లాక మనసు వాడి మీద. పనిదినాల్లో దొరికే అరగంటలు రాతకు పనికిరావని ఆమె అంటుంది. అందువల్ల పిల్లలు నిద్రపోయాక రాత్రి చాలాసేపు మేలుకొని కూర్చుంటుంది, ఆ అలసట మరునాడు ఇంటిల్లిపాదీ అనుభవిస్తున్నాం.

ఓదార్పు కోసం అడగడం లేదు. చిన్న పిల్లలుండగా చదువు ముగించినవారు, లేదా ముగించేవారి పక్కన నిలబడినవారు, సమయాన్ని నిజంగా ఎలా పంచుకున్నారో తెలుసుకోవాలని ఉంది. ఇచ్చే సమయాన్ని పెంచాలా, లేక ఇచ్చే తీరును మార్చాలా?

జవాబు — రాసి ముగించిన తల్లి

తీరునే మార్చాలండీ. మీరు వారానికి రెండు రోజులు ఇస్తున్నారంటే గంటల లెక్కలో అది తక్కువేమీ కాదు. కాని ఆ గంటలన్నీ ఒకే చోట కుప్పపడి ఉండడం వల్ల, వారమంతా రాతకు దూరంగా ఉండి శనివారం ఉదయం కూర్చున్న మనిషికి, తాను ఎక్కడ ఆగిందో, ఆ పట్టిక ఎందుకు తయారుచేసిందో, ఏ వాదనకు ఏ ఆధారం చూపాలనుకుందో గుర్తు తెచ్చుకోవడానికే మొదటి పూట ఖర్చయిపోతుంది. చేయి తిరిగే సరికి ఆదివారం మధ్యాహ్నం అవుతుంది, ఆ తరువాత మళ్లీ వారం రోజుల ఎడం. రోజుకు ఒక గంటైనా ఎడతెగకుండా సాగితే ఈ గుర్తుచేసుకునే ఖర్చు చాలావరకు తప్పుతుంది. కాబట్టి నా మొదటి సలహా మీకు కొంచెం కష్టమైనదే: శనివారంలో సగం వెనక్కి తీసుకొని, దానికి బదులుగా ప్రతి పనిదినం ఉదయం, మీరు ఉద్యోగానికి బయలుదేరకముందు, ఒక గంట ఆమెకు ఇవ్వండి. వారాంతమంతా పిల్లలను చూసుకోవడం కన్నా ఉద్యోగపు హడావుడి మధ్య ఆ ఒక్క గంటను కాపాడడం కష్టం; అందుకే దానికి విలువ ఎక్కువ.

రెండవది, ‘థీసిస్ రాయడం’ అన్నది ఒకే పని అనుకోవడం వల్లనే అరగంటలు పనికిరానివిగా కనిపిస్తాయి. వాదనను అల్లడానికి తెరిపి కావాలి, నిజమే. కాని గ్రంథసూచి సరిచూడడం, పట్టికల్లోని అంకెలను మూలంతో పోల్చడం, పటాల కింద వివరణ రాయడం, అధ్యాయాల శీర్షికలు, పుట సంఖ్యలు, సంక్షిప్త పదాల జాబితా, పాత చిత్తుప్రతి మీద గైడు రాసిన చిన్న చిన్న సవరణలు, ఇవన్నీ కలిపితే చివరి దశ పనిలో గణనీయమైన భాగమే అవుతుంది. వీటిలో ఏదీ తాజా బుర్రను కోరదు, అరగంటలో ముగుస్తుంది, మధ్యలో ఆపినా నష్టం లేదు. ఆమె దగ్గర రెండు జాబితాలు ఉండాలి: ఒకటి తెరిపి వేళకు, ఒకటి ముక్కల వేళకు. అబ్బాయి పడుకోగానే జాబితాలో మొదట ఉన్నది తీసుకోవాలే తప్ప, ఈ అరగంటలో ఏం చేద్దామని ఆలోచిస్తూ కూర్చోకూడదు. ఆ ఆలోచనకే వాడి నిద్ర సరిపోతుంది.

మీరు రాసిన ‘ఇక్కడున్నప్పుడు మనసు అక్కడ’ అన్న స్థితి మీద పరిశోధన జరిగింది. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో దీన్ని వివరించారు: పూర్తికాని పనిని వదిలి మరో పనిలోకి వెళ్లినప్పుడు ధ్యాసలో కొంత భాగం పాతదానికే అంటుకొని ఉండిపోతుంది, దానివల్ల కొత్త పని దెబ్బతింటుంది. తెరీసా గ్లోంబ్‌తో కలిసి 2018లో ప్రచురించిన పరిశోధనలో, లేచే ముందు ఎక్కడ ఆగామో, తిరిగి వచ్చాక మొదట ఏం చేయాలో క్లుప్తంగా రాసిపెట్టుకుంటే ఆ అంటు తగ్గుతుందని చూపారు. తలుపు చప్పుడు కాగానే దిగ్గున లేవకుండా, ‘తరువాతి వాక్యం: రెండవ పట్టికలోని తేడాకు కారణం’ అని ఒక్క పంక్తి రాసి లేవడం ఆమెకు అలవాటు కావాలి. ఆ పంక్తి రాసేంతసేపు బయట మీరు వాడిని ఆపగలిగితే చాలు.

ఇక తలుపు సంగతి. మీ అబ్బాయి వయసులో తల్లి కనబడకపోతే ఏడవడం ఎదుగుదలలో భాగమే. ఎనిమిది నెలల ప్రాంతంలో మొదలై, పది నుంచి పద్దెనిమిది నెలల మధ్య బాగా ఎక్కువై, మూడేళ్ల లోపు క్రమంగా సర్దుకుంటుంది. అమ్మ లోపలే ఉందని వాడికి తెలుసు, తలుపు తెరుచుకుంటుందనీ తెలుసు, కొట్టడమే తరువాయి. కాబట్టి ఎవరో ఒకరు ఇల్లు దాటాలి. ఆమె గ్రంథాలయానికి వెళ్లడమో, మీరే పిల్లలను తీసుకొని బయటికి వెళ్లడమో చేయండి. వెళ్లేటప్పుడు వాడు చూడకుండా జారుకోవద్దని ఆమెకు చెప్పండి. అప్పటికి ఏడుపు తప్పినా, ఏ క్షణాన మాయమవుతుందోనని తరువాత వాడు మరింత అంటిపెట్టుకుంటాడు.

అమ్మాయితో వ్యవహారం వేరు. నాలుగేళ్ల పిల్లకు ‘రెండు గంటల్లో వస్తాను’ అంటే ఏమీ అర్థం కాదు. ‘నువ్వు పడుకొని లేచి, నాన్నతో ఆడుకున్నాక వస్తాను’ అంటే అర్థమవుతుంది. అలా చెప్పాక మాత్రం, వాక్యం మధ్యలో ఉన్నా సరే, రావలసిందే. ఆ మాట నిలబడితేనే ఆ పిల్ల మరునాడు తలుపు జోలికి రాదు.

జవాబు — గైడు వైపు నుంచి

నేను పరిశోధక విద్యార్థులకు పర్యవేక్షకుడిగా ఉంటున్నాను. ఇంటి ఏర్పాట్ల గురించి పై జవాబు చెప్పినదానికి నేను కలపవలసింది లేదు. నాకు కనిపించే లోపం మరోచోట ఉంది. చిన్న పిల్లలున్న విద్యార్థులు ఇంటి పరిస్థితిని గైడుకు చెప్పకుండా, అధ్యాయం మొత్తం మచ్చలేకుండా తయారయ్యాకే చూపాలనుకొని నెలల తరబడి మౌనంగా ఉంటారు. ఆ మౌనాన్ని గైడు ఉదాసీనత అనుకుంటాడు. తీరా అధ్యాయం వచ్చేసరికి ఆయనకు వేరే పనుంటుంది, చదవడానికి వారాలు పడుతుంది, ఆ వారాల్లో ఆమె చేయి ఖాళీ. దీనికన్నా, సగం అధ్యాయం ఇచ్చి, గైడు దానిని చదువుతుండగా మిగతా సగం రాయడం ఎంతో మేలు.

అన్నిటికన్నా ముందు సమర్పణ తేదీ నుంచి వెనక్కి లెక్క వేయించండి. సమర్పణకు ముందు సారూప్యత తనిఖీ (రాసినది ఇతరుల రచనలతో ఎంత పోలి ఉందో చూడడం) ఉంటుంది, రూపం నియమాల ప్రకారం ఉందో లేదో కార్యాలయం చూస్తుంది, సంతకాలు కావాలి, గైడు పూర్తి ప్రతిని ఒకసారి, సవరణల తరువాత మరోసారి చదవాలి. వీటిలో ఏదీ మీ భార్య వేగం మీద ఆధారపడి ఉండదు. ఇవన్నీ పోగా నిజంగా రాతకు మిగిలేది ఎన్ని వారాలో కాగితం మీద పెట్టాక, అందులో నుంచి పిల్లల జబ్బులకు కొంత తీసివేయాలి. బడికీ, శిశు సంరక్షణ కేంద్రాలకూ వెళ్లే చిన్న పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం సర్వసాధారణం. ఇంట్లో ఇద్దరుంటే ఒకరి నుంచి మరొకరికి, అక్కడి నుంచి పెద్దవాళ్లకు. నెలకు ఒక వారం పోయినట్టే లెక్క వేసుకోండి. పోకపోతే లాభం, పోయినప్పుడు మాత్రం అది ప్రణాళిక తప్పినట్టు కాదు, ప్రణాళికలో ఉన్నదే జరిగినట్టు.

అలా మిగిలిన వారాలకు పని ఎక్కువగా ఉందని తేలితే, నిద్ర తగ్గించుకోవడం కన్నా ముందు థీసిస్‌ను తగ్గించమని అడగాలి. ‘ఇందులో ఏది లేకపోయినా థీసిస్ నిలబడుతుంది?’ అన్న ఒక్క ప్రశ్నతో గైడును కలవమనండి. ఒక అదనపు విశ్లేషణనో, అధ్యాయంలోని ఒక ఉపవిభాగాన్నో తరువాత రాయబోయే వ్యాసానికి మళ్లించడానికి చాలామంది గైడులు సంతోషంగానే ఒప్పుకుంటారు, కాని అడగనిదే ఎవరూ తమంతట తాము చెప్పరు. ఇదంతా ఆమె చేయవలసిన పని, మీరు చేయవలసింది కాదు. మీరు గైడుకు ఫోన్ చేయకండి. అలా చేసినవారు ఉన్నారు, అందువల్ల చెబుతున్నాను.

జవాబు — ఒక విద్యార్థి భార్య

మా ఇంట్లో పాత్రలు తారుమారు: చదివింది మావారు, పిల్లలను చూసుకుంటూ ఉద్యోగం చేసింది నేను. కాబట్టి మీ ప్రశ్నలో మిగతావారు చూడని మనిషి నాకు కనిపిస్తున్నారు, అది మీరే. పనిదినాల్లో ఉద్యోగం, వారాంతంలో పిల్లలు, ఇప్పుడు పై సలహా ప్రకారం ప్రతి ఉదయం ఒక గంట. మరి మీకు ఏ పూట? ఇది చివరి ఏడాదే కదా అనుకుంటారు, కాని థీసిస్ చివరి ఏడాది అనేది తరచుగా ఏడాదికన్నా ఎక్కువే ఉంటుంది. మీకంటూ వారంలో ఒక పూట, ఎవరూ అడగకుండానే, ఆమె రాత గంటల్లాగే కాగితం మీద రాసి ఉండాలి. లేకపోతే మీ విసుగు మాటల్లో బయటపడదు గాని, గిన్నెల చప్పుడులో బయటపడుతుంది.

ఉదయపు గంట గురించి నాకు కొంత అభ్యంతరం ఉంది. మా చిన్నది తెల్లవారకముందే లేచేది; తల్లిదండ్రుల్లో ఎవరు లేచినా ఆ అలికిడికి తానూ లేచేది. మాకు పనికివచ్చింది సాయంత్రం: నేను ఇంటికి రాగానే ఆయన బయటికి వెళ్లి, పిల్లల నిద్ర వేళకు తిరిగి వచ్చేవారు. ఏ గంట అన్నది మీ పిల్లల నిద్రను బట్టి తేల్చుకోండి, కాని అర్ధరాత్రి పనిని మాత్రం ఆపించండి. పదిహేడు గంటలు మేలుకొని ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి పనితీరుతో సమానంగా ఉంటుందని 1997లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో తేలింది. పిల్లలతోపాటు ఉదయం ఆరింటికి లేచినవారికి రాత్రి పదకొండుకే ఆ పదిహేడు గంటలు నిండుతాయి. ఆ తరువాత రాసిన పేరా మరునాడు చదివితే ఎలా ఉంటుందో మీ భార్యకు ఇప్పటికే తెలిసి ఉంటుంది.

మరొక విషయం మీరు రాయలేదు, బహుశా తట్టి ఉండదు. స్నానం, భోజనం, ఆట, నిద్ర అన్నీ మీరే చూసుకుంటున్నారన్నారు. మంచిదే. కాని టీకా ఎప్పుడు వేయించాలో, బడిలో ఏ రోజు ఏం అడిగారో, అబ్బాయి చెప్పులు ఎప్పుడు బిగుతయ్యాయో, మందు సీసా ఎప్పుడు అయిపోతుందో ఎవరి బుర్రలో ఉంటున్నాయి? చేయడం మీకు అప్పగించి గుర్తుపెట్టుకోవడం ఆమె దగ్గరే ఉంచుకుంటే, తలుపు వేసుకున్నా ఆమె ఇంట్లోనే ఉన్నట్టు లెక్క. గదిలో కూర్చున్న మనిషిని ‘వాడి టోపీ ఎక్కడ?’ అని అడిగితే ఆ గంట పోయినట్టే. కాబట్టి పనులను కాదు, విభాగాలనే పూర్తిగా తీసుకోండి: వైద్యం మొత్తం మీది, బడి వ్యవహారం మొత్తం మీది, బట్టలు మొత్తం మీవి. టోపీ దొరకకపోతే టోపీ లేకుండానే వెళ్లండి.

తెర గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాని మీద అనవసరపు అపరాధ భావం చాలా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాల ప్రకారం రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు తెర ముందు కూర్చునే సమయం రోజుకు ఒక గంటకు మించకూడదు, తక్కువైతే మరీ మంచిది. ఏడాది పిల్లలకు అసలు వద్దు. ఆ లెక్కన మీ అమ్మాయికి అరగంట బొమ్మల కార్యక్రమం పెడితే మిన్ను విరిగి మీద పడదు. అబ్బాయి నిద్రపోయే వేళకు దానిని జరిపితే, ఆ అరగంట నిజంగా ఆమెకు మిగులుతుంది. వాడు మేలుకొని ఉండగా పెడితే వాడూ చూస్తాడు, ఇంట్లో ఇద్దరు పిల్లలున్న ఎవరికీ ఇది చెప్పనక్కరలేదు.

జవాబు — రెండు ప్రతులు

ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి రాస్తున్నాను: ఏడాదిన్నర పిల్లవాడు, మూత పెట్టని నీళ్ల గ్లాసు, ల్యాప్‌టాప్ ఒకే ఇంట్లో ఉన్నాయి. థీసిస్ ఫైలు మూడు ప్రతులుగా, రెండు వేర్వేరు రకాల సాధనాల మీద, అందులో ఒకటి ఇంటి బయట, అంటే క్లౌడ్‌లోనైనా, ఉండాలి. ఈ రాత్రే చూడండి.

ప్రశ్న అడిగినవారు — తలుపు బయటి నాన్న

అందరికీ కృతజ్ఞతలు. జవాబులను ఇద్దరం కలిసి చదివాం. వైద్యం, బడి, బట్టలు నేను తీసుకున్నాను. ఉదయమా, సాయంత్రమా అన్నది ఒక వారం చూసి నిర్ణయించుకుంటాం. ఫైలు ప్రతులు ఆ రాత్రే తయారయ్యాయి.

ఆమె తన తరఫున ఒక ప్రశ్న అడగమంది. రెండు జాబితాల పద్ధతి బాగానే ఉంది, పద్ధతుల అధ్యాయమూ ఫలితాల అధ్యాయమూ అలా రోజుకు గంట చొప్పున సాగుతాయి. కాని చర్చ అధ్యాయం, అంటే ఫలితాలన్నిటికీ అర్థం చెప్పి, ముందు జరిగిన పరిశోధనలతో ముడిపెట్టవలసిన అధ్యాయం, అలా సాగదని ఆమె నమ్మకం. మొత్తం ఒకేసారి తలలో పట్టాలంటుంది. దానికోసం కొద్దిరోజులు ఇంటికి దూరంగా వెళ్లి రాయడం మంచిదా? అబ్బాయి అంత చిన్నవాడు కాబట్టి వెనుకాడుతోంది.

జవాబు — రాసి ముగించిన తల్లి

ఆమె చెప్పింది నిజమే. ఆ ఒక్క అధ్యాయానికి ఎడతెగని సమయం కావాలి. కాని వెళ్లడానికి ముందు ఆ అధ్యాయం ఏం చెబుతుందో ఆమెకు తెలిసి ఉండాలి. తెలియకుండా వెళితే మొదటి రోజు పిల్లలను తలుచుకుంటూ, రెండవ రోజు ఖాళీ తెరను చూస్తూ గడుస్తుంది. అందుకు మీరు చేయగల సాయం ఒకటుంది. పిల్లలు పడుకున్నాక పది నిమిషాలు కూర్చొని, ‘నువ్వు కనుక్కున్నది ఏమిటి? ఇదివరకటివాళ్లు ఏమన్నారు? వాళ్ల మాటకూ నీ మాటకూ తేడా ఎక్కడ వచ్చింది?’ అని అడగండి. ఆమె శాస్త్రం మీకు తెలియకపోవడమే ఇక్కడ ఉపయోగం; మీకు అర్థమయ్యేలా చెప్పలేని చోటే వాదనలో సందు ఉంటుంది. ఆమె చెబుతున్నప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి ఉంచండి. నేను ఆ అధ్యాయంలో సగభాగం పాపను తోపుడుబండిలో తిప్పుతూ ఫోన్‌కు చెప్పుకున్నదే, తరువాత కూర్చొని వాక్యాలుగా మార్చాను.

అలా రెండు మూడు వారాలు మాట్లాడాక, పేరాకు ఒక వాక్యం చొప్పున అస్థిపంజరం తయారవుతుంది. అప్పుడు వెళ్లమనండి. దూరం అక్కరలేదు, రాత్రులు బయట ఉండనూ అక్కరలేదు. వరుసగా మూడు నాలుగు రోజులు ఉదయం నుంచి సాయంత్రం వరకు గ్రంథాలయంలో కూర్చొని, పిల్లల నిద్ర వేళకు ఇంటికి వచ్చినా సరిపోతుంది. వాడు ఇంకా తల్లిపాలు తాగుతుంటే ఇదే నయం. మీరు ఆ రోజులకు సెలవు పెట్టండి. అమ్మమ్మకో నాయనమ్మకో కాళ్లు చేతులు ఆడే ఓపిక ఉంటే వాళ్లనూ పిలవండి, కాని బాధ్యత వాళ్ల మీద వదిలి మీరు ఉద్యోగానికి వెళ్లకండి. ఫోన్ వస్తుందేమోనన్న ధ్యాస లేకుండా ఉంటేనే ఆ రోజులు రోజులవుతాయి.

జవాబు — గైడు వైపు నుంచి

ఆ రోజుల తరువాత వచ్చిన ప్రతిని చెక్కుతూ కూర్చోవద్దని చెప్పండి. ‘ఇక్కడ ఆధారం వెతకాలి’, ‘ఈ పేరా బలహీనం’ అని అంచున రాసి, ఉన్నది ఉన్నట్టుగా గైడుకు పంపమనండి. చర్చ అధ్యాయంలో దారి తప్పితే అది తెలియవలసింది అప్పుడే, పూర్తి ప్రతి చదివేటప్పుడు కాదు. ఆయన దానిని చదివే వారాల్లో పద్ధతుల అధ్యాయం సవరణలు అరగంటల్లో ముగుస్తాయి. పరిచయ అధ్యాయాన్ని చివరికి వదిలేయవచ్చు; చర్చ తేలాకే దేనిని పరిచయం చేయాలో ఆమెకు స్పష్టమవుతుంది.